దగ్గుకూ ఒక గడువుంది

అక్యూట్ బ్రాంకైటిస్ లక్షణాలేమిటి, చికిత్స ఎంతవరకు అవసరం, మల్కాపురం వంటి పారిశ్రామిక వాడలో ఛాతీ దగ్గును ఎందుకు మరింత శ్రద్ధగా గమనించాలి?

విశాఖపట్నం ఓడరేవుకు దక్షిణంగా, యారాడ కొండల పాదాల చెంత, సింధియా నుంచి శ్రీహరిపురం మీదుగా గాజువాక వైపు సాగే రోడ్డు వెంబడి పెరిగిన మల్కాపురం, చమురు శుద్ధి కర్మాగారంలోనూ, నౌకా నిర్మాణ కేంద్రంలోనూ, ఎరువుల కర్మాగారంలోనూ, వాటికి అనుబంధంగా నడిచే చిన్నా చితకా వర్క్‌షాపుల్లోనూ పనిచేసే కుటుంబాల నివాసం. రొంపతో మొదలై ఛాతీలోకి దిగి, వారం గడిచినా రెండు వారాలు గడిచినా వదలని దగ్గు ఏ ఊరిలోనైనా కనిపించేదే. వైద్యశాస్త్రం అక్యూట్ బ్రాంకైటిస్ అని పిలిచే ఆ జబ్బు ఎక్కువమందిలో ప్రత్యేకమైన మందులేవీ లేకుండానే తగ్గిపోతుంది. అయితే బొగ్గు దుమ్ము, వాహనాల పొగ, కర్మాగారాల వాయువులు గాలిలో కలిసే వాడలో అదే దగ్గు వెనుక క్షయగానీ, న్యుమోనియాగానీ, ఉబ్బసంగానీ, పనిచేసే చోట పీల్చిన పొగగానీ దాగి ఉండే అవకాశం ఉన్నందున, ఏ దగ్గు విషయంలో ఓపిక పట్టాలో, ఏ దగ్గు విషయంలో పట్టకూడదో తెలిసి ఉండటం ఇక్కడి ప్రతి ఇంటికీ అవసరం.

ఈ తేడా తెలియనప్పుడు నష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది. తనంతట తానే తగ్గిపోయే దగ్గుకు మూడో రోజునే యాంటీబయాటిక్ బిళ్లలు, స్టెరాయిడ్ సూది, రెండు రకాల సిరప్‌లు కొని రోజుకూలీని ఖర్చు చేసుకునేవారు ఒకవైపు ఉంటే, నెల దాటిన దగ్గును దుమ్ము వల్ల వచ్చిందేనని సరిపెట్టుకుని, కఫం పరీక్ష చేయించుకోకుండా కుటుంబంలో మరికొందరికి క్షయ అంటించేవారు మరోవైపు ఉంటారు. ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే: ఛాతీ దగ్గు సహజంగా ఎన్నాళ్లు ఉంటుందో, ఆ గడువు లోపల ఏయే దశలు దాటుతుందో తెలియకపోవడం.

ఊపిరి దారిలో జరిగేది

ముక్కు ద్వారా లోపలికి వెళ్లిన గాలి వాయునాళం గుండా ఛాతీలోకి దిగి, అక్కడ రెండు ప్రధాన శ్వాసనాళాల్లోకి చేరుతుంది. ఆ నాళాలు సుమారు 23 విడతలుగా చీలుతూ పోయి, ప్రాణవాయువు రక్తంలో కలిసే అతి చిన్న గాలి గదుల దగ్గర ముగుస్తాయి. వీటిలో మొదటి విడతలకు చెందిన పెద్ద, మధ్యరకం నాళాల లోపలి పొర ఉన్నట్టుండి వాచి, జిగురు ఎక్కువగా ఊరడమే అక్యూట్ బ్రాంకైటిస్. అక్యూట్ అనే మాట ఇక్కడ జబ్బు తీవ్రతను కాక, హఠాత్తుగా మొదలై కొద్ది వారాల్లో ముగిసే దాని తీరును సూచిస్తుంది. ఏడాదిలో కనీసం 3 నెలల చొప్పున వరుసగా 2 ఏళ్లపాటు కఫంతో కూడిన దగ్గు ఉంటే దాన్ని క్రానిక్ బ్రాంకైటిస్, అంటే దీర్ఘకాలికమైన శ్వాసనాళాల వాపు అంటారు. ఇన్ఫెక్షన్ ఇంకా లోపలికి, గాలి గదుల్లోకి పాకి అక్కడ చీము, ద్రవం నిండితే అది న్యుమోనియా అవుతుంది.

శ్వాసనాళాల లోపలి పొర మీద సీలియా అనే సూక్ష్మమైన నూగు ఉంటుంది. అది సెకనుకు పది సార్లకు పైగా కదులుతూ, జిగురులో చిక్కుకున్న దుమ్మునూ క్రిములనూ గొంతు వైపు నెడుతూ ఉంటుంది. వైరస్ సోకినప్పుడు ఆ పొరలోని కణాలు రాలిపోయి, నూగు పనిచేయడం మానేసి, ఊరిన కఫాన్ని పైకి తెచ్చే బాధ్యత అంతా దగ్గు మీదే పడుతుంది. వైరస్ శరీరాన్ని వదిలిపోయిన తరువాత కూడా పొర తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఈలోగా ఒరిపిడికి లోనైన నాడుల కొనలు చల్లగాలికీ, తాలింపు ఘాటుకీ, అగరొత్తి పొగకీ కూడా దగ్గు పుట్టిస్తాయి. జ్వరం తగ్గి, ఆకలి వచ్చి, మనిషి పనిలోకి వెళ్లిన తరువాత కూడా దగ్గు మాత్రం మిగిలిపోవడానికి ఇదే కారణం.

పది మందిలో తొమ్మిది మందికి పైగా ఈ వాపునకు వైరస్‌లే కారణం. ఇన్‌ఫ్లుయెంజా, పారా ఇన్‌ఫ్లుయెంజా, రైనో, అడినో వైరస్‌లు, కరోనా కుటుంబానికి చెందిన వైరస్‌లు, పసిపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఆర్‌ఎస్‌వీ వీటిలో ముఖ్యమైనవి. మైకోప్లాస్మా, క్లమిడియా న్యుమోనియే, కోరింత దగ్గు కలిగించే బోర్డెటెల్లా వంటి బ్యాక్టీరియా కారణమయ్యే సందర్భాలు చాలా తక్కువ. మన దేశంలో ఇన్‌ఫ్లుయెంజా ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలంలోనూ ఆ వెంటనే మరోసారి ఎక్కువవుతుంది కాబట్టి ఛాతీ దగ్గులు కూడా ఆ కాలాల్లోనే ముసురుతాయి.

క్రిములతో సంబంధం లేకుండా, ఘాటైన వాయువులు పీల్చడం వల్ల కూడా శ్వాసనాళాలు ఇలాగే వాచవచ్చు. దాన్ని రసాయన బ్రాంకైటిస్ అంటారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ నగరంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయిన దుర్ఘటన, పరిశ్రమల నడుమ ఉన్న ఇళ్లలో నిద్రపోతున్న మనిషి ఊపిరికి ఎంత రక్షణ అవసరమో రాష్ట్రమంతటికీ తెలియజెప్పింది. స్టైరీన్ కళ్లనూ గొంతునూ శ్వాసనాళాలనూ మండించే రసాయనం. అటువంటి వాయువు పీల్చిన తరువాత వచ్చే దగ్గు, ఆయాసం ఇంట్లో వేచి చూడదగినవి కావు. కొన్ని వాయువుల విషయంలో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం గంటల తరువాత మొదలవుతుంది కాబట్టి, పీల్చిన వెంటనే బాగానే ఉన్నవారినీ ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచడం అవసరమవుతుంది.

లక్షణాల క్రమం

మొదటి రెండు మూడు రోజులు ఇది మామూలు రొంపలాగే ఉంటుంది: ముక్కు కారడం, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం. ఆ తరువాత ముక్కు కారడం తగ్గుముఖం పడుతుండగా పొడి దగ్గు మొదలై, కొద్ది రోజుల్లో కఫంతో కూడిన దగ్గుగా మారుతుంది. రాత్రి పడుకున్నప్పుడు దగ్గు ఎక్కువ కావడం, దగ్గినప్పుడు రొమ్ము ఎముక వెనుక మంటగా ఉండటం, వరుసగా దగ్గడం వల్ల డొక్కల కండరాలు నొప్పి పుట్టడం, గుండెల్లో గరగరలాడినట్టు అనిపించడం సాధారణం. కొందరిలో నాళాలు తాత్కాలికంగా ముడుచుకుని, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి.

కఫం రంగును చూసి భయపడటం ఈ జబ్బులో అత్యంత సాధారణమైన అపోహ. తెల్లగా ఉన్న కళ్లె పసుపు రంగులోకో ఆకుపచ్చలోకో మారగానే లోపల చీము పట్టిందని, బలమైన మందు వాడక తప్పదని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ రంగు, ఇన్ఫెక్షన్‌తో పోరాడటానికి వచ్చిన తెల్ల రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైము వల్ల వస్తుంది. వైరస్ సోకినప్పుడు కూడా ఆ కణాలు అదే పని చేస్తాయి కాబట్టి, రంగును బట్టి కారణం వైరసో బ్యాక్టీరియానో తేల్చడం సాధ్యం కాదు. గట్టిగా దగ్గడం వల్ల కఫంలో ఎప్పుడైనా సన్నని రక్తపు చార కనిపించవచ్చు గానీ, రక్తం ఏ మేరకు కనిపించినా వైద్యుడికి చూపించవలసిందే.

ఇక అసలు గడువు విషయానికి వస్తే, అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అక్యూట్ బ్రాంకైటిస్ దగ్గు సగటున సుమారు 18 రోజులు ఉంటుంది. అదే అధ్యయనంలో భాగంగా సామాన్య ప్రజలను అడిగినప్పుడు, ఇటువంటి దగ్గు 7 నుంచి 9 రోజుల్లో తగ్గాలని వారు ఆశించారు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న పది రోజుల వ్యవధిలోనే అనవసరమైన మందుల వాడకం చాలా వరకు జరుగుతుంది. ఎనిమిదో రోజున మందు మొదలుపెట్టిన మనిషికి పదిహేడో రోజున దగ్గు తగ్గితే ఆ ఘనత మందుకే దక్కుతుంది, మరుసటి ఏడు దగ్గు రాగానే మొదటి రోజునే అదే బిళ్ల కోసం మందుల షాపుకు వెళ్లడం అలవాటవుతుంది.

ఓపిక పట్టకూడని దగ్గులు

అక్యూట్ బ్రాంకైటిస్‌ను నిర్ధారించడానికి ప్రత్యేకమైన రక్తపరీక్ష ఏదీ లేదు. రోగి చెప్పిన వివరాలు వినడం, స్టెతస్కోపుతో ఛాతీ పరీక్షించడం, ఊపిరి వేగాన్నీ నాడినీ లెక్కించడం ద్వారా న్యుమోనియా లేదని తేల్చుకోవడమే నిర్ధారణలో ప్రధాన భాగం. పెద్దవారిలో నాడి నిమిషానికి 100 దాటకుండా, ఊపిరి నిమిషానికి 24 సార్లు మించకుండా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, దాటకుండా, ఛాతీలో ఒకచోట ప్రత్యేకించి చిటపట శబ్దాలు వినిపించకుండా ఉంటే న్యుమోనియా అవకాశం తక్కువ కాబట్టి ఎక్స్‌రే అవసరం సాధారణంగా ఉండదు. వృద్ధుల విషయంలో మాత్రం ఈ కొలతలను గుడ్డిగా నమ్మకూడదు. వారికి న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు, తిండి మానేయడం, మగతగా ఉండటం, మాట తడబడటం మాత్రమే దాని గుర్తులు కావచ్చు.

పసిపిల్లల్లో ఊపిరి వేగమే ప్రధానమైన కొలమానం. బిడ్డ ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు పొట్ట కదలికను చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు శిశువుకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు 40 లేదా అంతకు మించి ఊపిరి తీసుకుంటుంటే వెంటనే వైద్యుడికి చూపించాలి. డొక్కలెగరేయడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలం రంగుకు తిరగడం, లేపినా సరిగా మేలుకోకపోవడం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. వరుస దగ్గుల తరువాత కూతతో ఊపిరి లాగడం, వాంతి కావడం ఉంటే కోరింత దగ్గును అనుమానించాలి.

మన దేశంలో ఛాతీ దగ్గు గురించి ఏ చర్చ అయినా క్షయ దగ్గరకు రాక తప్పదు. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం నియమం ప్రకారం రెండు వారాలు లేదా అంతకు మించి దగ్గు ఉన్న ప్రతి వ్యక్తీ పరీక్ష చేయించుకోవాలి. బ్రాంకైటిస్ సగటు గడువు 18 రోజులైనప్పుడు 14వ రోజునే పరీక్ష ఎందుకన్న ప్రశ్న సహజమే. కఫం పరీక్ష వల్ల శరీరానికి ఏ హానీ లేదు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం, క్షయను నెల ముందు గుర్తిస్తే రోగి ఊపిరితిత్తులతో పాటు అదే గదిలో నిద్రించే పిల్లలకూ రక్షణ దొరుకుతుంది. అందువల్ల రెండు వారాలు దాటిన దగ్గుకు యాంటీబయాటిక్ కొనడం కన్నా కఫం ఇచ్చి రావడమే సరైన అడుగు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కఫంలో రక్తం ఉంటే రెండు వారాల గడువు కోసం కూడా చూడకూడదు. మందుల షాపుల్లో తేలిగ్గా చేతికందే లివోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి కాబట్టి, వాటిని తెలియక వాడితే జబ్బు తాత్కాలికంగా తగ్గినట్టు కనిపించి, నిర్ధారణ ఆలస్యమై, క్రిమి ఆ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

ఏటా రెండు మూడు సార్లు బ్రాంకైటిస్ వస్తోందని చెప్పేవారిలో కొందరికి నిజానికి ఉన్నది గుర్తించని ఉబ్బసం. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులు కూడా కొందరిలో విడవని పొడి దగ్గు కలిగిస్తాయి. పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు ఉంటే గుండె పనితీరును పరీక్షించాలి. క్షయ కాదని తేలినా, మూడు వారాలకు తగ్గుముఖం పట్టని దగ్గుకు వైద్యుడి సలహా, ఎనిమిది వారాలు దాటిన దగ్గుకు పూర్తిస్థాయి పరీక్షలు అవసరమవుతాయి.

చికిత్సలో చేయవలసినవి

వైరస్ వల్ల వచ్చిన బ్రాంకైటిస్‌కు చికిత్స అంటే శరీరం తనను తాను బాగుచేసుకునే లోపు బాధను తగ్గించడమే. తగినంత విశ్రాంతి, దాహానికి సరిపడా గోరువెచ్చని నీళ్లు, గంజి, పల్చటి మజ్జిగ, రసం వంటి ద్రవాలు, జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ పారాసెటమాల్ చాలామందికి సరిపోతాయి. పెద్దవారు పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాముల బిళ్లను ఆరు గంటల ఎడంతో వాడవచ్చు గానీ, జలుబు మాత్రల్లోనూ అదే మందు కలిసి ఉంటుంది కాబట్టి అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయం దెబ్బతింటుంది. కాలేయ జబ్బు ఉన్నవారికీ, మద్యం అలవాటున్నవారికీ హద్దు అంతకన్నా తక్కువ.

ఇంటి వైద్యంలో తేనెకు శాస్త్రీయమైన ఆధారం ఉంది. పడుకునే ముందు ఒక చెంచా తేనె రాత్రి దగ్గును కొంత తగ్గిస్తుందని పిల్లలపై జరిగిన పరీక్షల్లో తేలింది. అయితే ఏడాది లోపు శిశువులకు తేనె వల్ల బొటులిజం అనే ప్రాణాంతకమైన విషప్రభావం కలగవచ్చు కాబట్టి వారికి నాకించడం కూడా పనికిరాదు. శొంఠి, మిరియాలు, తులసి వేసి కాచిన కషాయం గొంతుకు హాయినిస్తుంది, శరీరానికి నీటిని అందిస్తుంది. అంతకు మించి అది ఇన్ఫెక్షన్‌ను చంపుతుందని ఆశించకూడదు. ఆవిరి పట్టడం వల్ల ముక్కు దిబ్బడ తాత్కాలికంగా తగ్గినా, మరుగుతున్న నీళ్ల గిన్నె ఒలికి పిల్లలు కాలిన సంఘటనలు తరచు జరుగుతున్నందున చిన్నపిల్లలకు ఆ పద్ధతి వద్దని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

దగ్గు సిరప్‌ల మీద ఉన్న నమ్మకానికి తగిన ఆధారాలు లేవు. నిద్ర పట్టనంత పొడి దగ్గు ఉన్న పెద్దవారికి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ వంటి మందు కొద్దిగా ఉపశమనం ఇవ్వవచ్చు గానీ, కఫాన్ని కరిగించేవి, దగ్గును ఆపేవి, అలర్జీని తగ్గించేవి అన్నీ ఒకే సీసాలో కలిపిన మిశ్రమాల వల్ల మత్తు తప్ప పెద్ద ప్రయోజనం లేదు. పిల్లల విషయంలో ఇది ప్రాణాపాయం కూడా కావచ్చునని 2025లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడా ప్రాంతంలో జరిగిన విషాదం చాటింది. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగిన పసివారు మూత్రపిండాలు చెడిపోయి మరణించారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వకూడదనీ, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా సిఫారసు చేయదగినవి కావనీ స్పష్టం చేసింది.

పిల్లికూతలు వినిపిస్తున్నవారికి సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్ నాళాలను వదులు చేసి ఉపశమనం ఇస్తుంది. కూతలు లేనివారికి దానివల్ల మేలు కన్నా చేతుల వణుకు, గుండె దడ ఎక్కువ. త్వరగా తగ్గాలని వేయించుకునే స్టెరాయిడ్ సూదుల విషయానికి వస్తే, ఉబ్బసం లేని పెద్దవారిలో ఛాతీ దగ్గుకు స్టెరాయిడ్ బిళ్లలు 5 రోజులు ఇచ్చి ఇంగ్లండ్‌లో సుమారు 400 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఉత్తుత్తి బిళ్లలు తీసుకున్నవారి కన్నా స్టెరాయిడ్ తీసుకున్నవారికి దగ్గు ముందుగా తగ్గలేదు. మధుమేహం ఉన్నవారిలో స్టెరాయిడ్లు చక్కెరను అమాంతం పెంచుతాయి, గుర్తించని క్షయను రెచ్చగొడతాయి. ఇన్‌ఫ్లుయెంజా అనుమానం బలంగా ఉన్న గర్భిణులకూ, వృద్ధులకూ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారికీ మాత్రం వైద్యుడి సలహాతో ఒసెల్టామివిర్ అనే వైరస్ నిరోధక మందును లక్షణాలు మొదలైన 48 గంటల లోపు ఆరంభిస్తే ప్రయోజనం ఎక్కువ.

యాంటీబయాటిక్‌ను దాచుకోవడం ఎందుకు

అక్యూట్ బ్రాంకైటిస్‌లో యాంటీబయాటిక్‌ల మీద జరిగిన 17 పరీక్షలను, 5 వేల మందికి పైగా రోగుల వివరాలను కోక్రేన్ సంస్థ 2017లో కలిపి పరిశీలించింది. యాంటీబయాటిక్ వాడినవారికి దగ్గు సుమారు అర రోజు ముందుగా తగ్గింది. దానికి బదులుగా వికారం, వాంతులు, విరేచనాల వంటి ఇబ్బందులు వారిలో ఎక్కువగా కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పద్దెనిమిది రోజుల జబ్బులో అర రోజు మిగులుతుందంటే ఆ మందు అవసరం లేదనే అర్థం. న్యుమోనియా ఉన్నప్పుడు, కోరింత దగ్గు అనుమానం ఉన్నప్పుడు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో ఆయాసం, కఫం పరిమాణం, అందులోని చీము హఠాత్తుగా పెరిగినప్పుడు వైద్యుడు చేసే నిర్ణయం వేరు.

యాంటీబయాటిక్ ఎంత విలువైనదో తెలుగువారికి మరొకరు చెప్పనక్కరలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగాన్ని నడిపించిన కాలంలోనే, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో ప్రపంచానికి అందిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అటువంటి మందులు లేని కాలంలో న్యుమోనియాకు ఇళ్లకిళ్లు తల్లడిల్లాయి. అవసరం లేని దగ్గులకు వాటిని ఖర్చు చేస్తూ పోతే బ్యాక్టీరియా అలవాటుపడి, నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున అవి పనిచేయవు. మందు అట్ట మీద నిలువునా ఉండే ఎర్ర గీత, వైద్యుడి చీటీ లేకుండా ఆ మందు వాడకూడదన్న హెచ్చరిక. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు అమ్మినప్పుడు రోగి, వైద్యుడి వివరాలను మందుల షాపువారు రిజిస్టరులో రాసి ఉంచాలి. మిగిలిపోయిన బిళ్లలను పక్కింటివారికి ఇవ్వడం, పాత చీటీ చూపించి అదే మందు మళ్లీ కొనడం కూడా ఈ నష్టానికి తోడ్పడే పనులే.

మల్కాపురం పీల్చే గాలి

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన చమురు శుద్ధి కర్మాగారం తరువాత హెచ్‌పీసీఎల్ అయింది. 1960ల చివర్లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, 1970లలో హిందుస్థాన్ జింక్, ఆపైన ఉక్కు కర్మాగారం వచ్చాయి. ఇవి లక్షల కుటుంబాలకు జీవనాధారమయ్యాయి, నగరానికి ఒక రూపాన్నిచ్చాయి. కానీ కొండల నడుమ గిన్నెలా ఉన్న భూభాగంలో ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి వెలసినందువల్ల, చలికాలపు రాత్రుల్లో నేలకు దగ్గరగా ఉన్న చల్లగాలి మీద వెచ్చని గాలి పొర మూతలా నిలిచినప్పుడు పొగ, దుమ్ము పైకి పోలేక జనావాసాల మధ్యనే నిలిచిపోతాయి.

దుమ్ము హాని దాని పరిమాణం మీద ఆధారపడుతుంది. 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు, వ్యాసం వరకు ఉన్న కణాలను పీఎం 10 అంటారు. వీటిలో పెద్దవి ముక్కులోనూ పెద్ద శ్వాసనాళాల్లోనూ చిక్కుకుంటాయి. అంతకన్నా సన్నని పీఎం 2.5 కణాలు గాలి గదుల దాకా చేరతాయి. చమురు, బొగ్గు మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడు నాళాల తడిలో కరిగి ఆమ్లంగా మారి లోపలి పొరను రేపుతుంది. ఇవన్నీ నూగు కదలికను మందగింపజేస్తాయి కాబట్టి వైరస్ తేలిగ్గా పాతుకుంటుంది, సోకిన దగ్గు ఆలస్యంగా మానుతుంది. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 కణాలు 60 మైక్రోగ్రాములు, పీఎం 10 కణాలు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది 2009 నాటి జాతీయ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దులు వరుసగా 15, 45 మాత్రమే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను మదింపు చేసి, సూచిక 70 దాటిన 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు వాటిలో విశాఖపట్నం కూడా ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలోనూ విశాఖ చేరింది. గాలికీ బ్రాంకైటిస్‌కూ ఉన్న సంబంధాన్ని ప్రపంచం 1952 డిసెంబరులో లండన్‌లో చూసింది: అయిదు రోజులపాటు బొగ్గు పొగ మంచులో చిక్కుకుపోగా, అదనంగా వేలమంది మరణించారు, వారిలో బ్రాంకైటిస్ రోగులు అనేకులు. ఆ మరణాల ఫలితంగానే 1956లో బ్రిటన్ స్వచ్ఛ వాయు చట్టం చేసింది. విశాఖ గాలి ఆనాటి లండన్ గాలితో సమానం కాదు గానీ, గాలి శుభ్రత చట్టంతో, ప్రభుత్వ నిర్ణయంతో సాధ్యపడే పని అన్న పాఠం రెండు నగరాలకూ ఒక్కటే.

పని, పొగ, చుట్ట

వెల్డింగు పొగ, పెయింటు ఆవిరి, ఓడల తుప్పు గోకేటప్పుడు లేచే ధూళి, బొగ్గు, ఎరువుల దిగుమతిలో రేగే దుమ్ము శ్వాసనాళాలను నేరుగా తాకుతాయి. దగ్గు పనిరోజుల్లో పెరిగి, వారాంతపు సెలవులోనో సొంత ఊరికి వెళ్లినప్పుడో తగ్గుతుంటే అది పనికి సంబంధించినదన్న బలమైన సూచన కాబట్టి, రోగి తాను చేసే పని ఏమిటో చెప్పాలి, చెప్పకపోతే వైద్యుడు అడిగి తెలుసుకోవాలి. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందుతూ బీమా పరిధిలో ఉన్న కార్మికులకు మల్కాపురంలోని ఈఎస్‌ఐ ఆసుపత్రి అందుబాటులో ఉంది; క్లిష్టమైన కేసులను పెదవాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికీ, కింగ్ జార్జి ఆసుపత్రికీ పంపవచ్చు.

బీడీ, సిగరెట్, చుట్ట నూగును ప్రతిరోజూ దెబ్బతీస్తాయి. ఉత్తరాంధ్ర తీరంలో వయసు మళ్లిన కొందరు స్త్రీలలో కనిపించే అడ్డపొగ, అంటే వెలుగుతున్న కొస నోటిలో ఉంచి చుట్ట కాల్చే అలవాటు, నోటి క్యాన్సర్‌కు దారితీస్తుందన్న సంగతి దశాబ్దాల నాటి అధ్యయనాల్లోనే తేలింది. ఆ పొగ ఊపిరితిత్తులకూ మేలు చేసేది కాదు. బ్రాంకైటిస్ వచ్చిన మూడు వారాలు పొగ మానేయడానికి అత్యంత అనుకూలమైన సమయం, ఎందుకంటే ఆ రోజుల్లో శరీరమే పొగను తిరస్కరిస్తుంది.

ఇంటి బాధ్యత, నగర బాధ్యత

కుటుంబం చేయగలిగినవి స్పష్టంగానే ఉన్నాయి. దగ్గేటప్పుడు మోచేతిని అడ్డం పెట్టుకోవడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం వైరస్ వ్యాప్తిని తగ్గిస్తాయి. పసిపిల్లలకు 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్ టీకా కోరింత దగ్గు నుంచి, న్యుమోకాకల్ టీకా న్యుమోనియా నుంచి రక్షిస్తాయి. వృద్ధులు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఏటా ఫ్లూ టీకా గురించి వైద్యుడిని అడగాలి. దుమ్ము పనిచేసేవారికి చేతిరుమాలు సరిపోదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు కణాలను ఆపుతుంది గానీ వాయువులను ఆపలేదు కాబట్టి, వాయువులుండే చోట తగిన ఫిల్టరు ఉన్న రెస్పిరేటరును యాజమాన్యమే ఇవ్వాలి. ఆ బాధ్యత కాంట్రాక్టు కార్మికుడి విషయంలోనూ అంతే సమానంగా వర్తిస్తుంది.

అయితే దగ్గు కలిగించే గాలిని ఏ ఇల్లాలూ కిటికీ మూసి శుభ్రం చేయలేదు. బొగ్గు, ఖనిజం నిల్వలను కప్పి ఉంచడం, కన్వేయర్లకు పైకప్పు వేయడం, రేవు నుంచి బయటికి వచ్చే లారీల చక్రాలను కడిగి పంపడం, మల్కాపురం, శ్రీహరిపురం వంటి వాడల గాలి కొలతలను నగర సగటులో కలిపివేయకుండా విడిగా తీసి, తెలుగులో అందరికీ కనిపించేచోట ప్రదర్శించడం, ఆసుపత్రికి వచ్చిన దగ్గు రోగి వృత్తినీ నివాసాన్నీ నమోదు చేసి ఆ లెక్కలను కాలుష్య నియంత్రణ మండలికి అందించడం అసాధ్యమైన పనులు కావు. తనవంతుగా పౌరుడు యాంటీబయాటిక్‌ను వృథా చేయకుండా, రెండు వారాలకు కఫం పరీక్ష చేయించుకుని, ఆయాసం వచ్చిన గంటలోనే ఆసుపత్రికి వెళ్తున్నప్పుడు, అతడు పీల్చే గాలిని ప్రమాణాల లోపల ఉంచే బాధ్యతను పరిశ్రమలూ ప్రభుత్వమూ అంతే కచ్చితంగా నెరవేర్చాలని అడిగే హక్కు మల్కాపురానికి ఉంది.